చెప్పి ఆగేది, చెప్పకుండా ఆగేది

అమ్మకానికి ఉన్న రెండు కార్లనూ పక్కపక్కన ఇనుప స్తంభాల మధ్య గాలిలోకి ఎత్తి నిలబెట్టాక, మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఓ గంట పడుతుంది సార్, అలా కూర్చోండి" అన్నాడు. ఎక్కడ కూర్చోవాలా అని ఆయన చూస్తే, ఏదో కారులోంచి పీకి గోడ వారగా నేల మీద పెట్టిన సీటొకటి కనిపించింది. కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ తెలియలేదు అదెంత కిందికి ఉందో. మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. మళ్ళీ లేవాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి, లేదా పక్కకు ఒరిగి నేల మీద అరచెయ్యి ఆనించి లేవాలి. స్పోర్ట్స్ కారంటే అంతే మరి, కుర్రాళ్ళ కోసం చేసినది, కొనుక్కోగలిగే సరికి ఎవడూ కుర్రాడిగా ఉండడు. ఈ మాట ఇంట్లో అంటే భార్య నవ్వేది. లేదా నవ్వకుండా, "తెలిసీ ఎందుకు మరి?" అనేది. ఎందుకో ఆయనకు తెలుసు, ఆమెకే తెలియదు. సరే, గంట కదా, కూర్చుందాం అనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసే మనిషికి, యంత్రాల కింద కూర్చుని ఎదురుచూడటం కొత్తేమీ కాదు. అలవాటు కొద్దీ చూపు ముందుగా కార్ల మీదికి కాకుండా వాటిని ఎత్తి పట్టుకున్న స్తంభాల మీదికి పోయింది. ఒక్కో కారు కింది నాలుగు చేతులకూ జారకుండా పట్టే అడ్డుపుల్లలు పడి ఉన్నాయా, పడ్డాయి. కుడివైపు స్తంభం గొలుసుకు నూనె లేదు, కానీ గట్టిగానే ఉంది. అప్పుడు ప్రాణం కుదుటపడింది.

ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే తీరున వంపు తిరిగిన వీపు. ఎడమవైపున్న ఆకుపచ్చది పాత తరం, కుడివైపున్న బూడిద రంగుది దాని తరవాతి తరం. కొత్తది అనడమే గానీ అదీ ఇద్దరు ముగ్గురి చేతులు మారిందే. పాతదాని దీపాలు గుండ్రంగా, ఏదో అడిగి జవాబు కోసం చూస్తున్నట్టు ఉంటాయి. కొత్తదాని దీపాలు పక్కకు సాగి, ఎవరినీ ఏమీ అడగవు. పాతదాని కడుపంతా జిడ్డు, ఇంజిను వెనక అంచున ఒక బొట్టు ఊరుతోంది, ఊరి, బరువెక్కి, కింద పెట్టిన పళ్ళెంలో టప్ మని పడుతోంది. కొత్తదాని కడుపు తుడిచిపెట్టినట్టు పొడిగా ఉంది. పొద్దున మెకానిక్ వీటి గురించి చెబుతున్నప్పుడు, తన ఇంట్లో పిల్లల గుణాలు చెప్పినట్టు చెప్పాడు. "ఆకుపచ్చది మిమ్మల్ని సతాయిస్తుంది సార్. నూనె కారుతుంది, రెండో గేరు మొరాయిస్తుంది, చలికాలం పొద్దున్నే దగ్గుతుంది. కానీ ఏం చేసినా ముందు చెప్పి చేస్తుంది. ఇదిగో ఈ బూడిదది వెన్నలా నడుస్తుంది, ఎవరైనా దీన్నే తీసుకోమంటారు. కాకపోతే ఇంజిను లోపల ఒక బేరింగుంది. దాని గ్రీజు దాన్లోనే పెట్టి మూసేశారు. అది ఎండిందో లేదో ఇంజిను విప్పితే గానీ తెలీదు. అన్నీ పోవు సార్, నూటికి నాలుగైదు పోతాయేమో. పోతే మాత్రం ఒక్క క్షణం. ఇంజిను మొత్తం ముద్ద." ముందుగా ఏ చప్పుడూ చెయ్యదా అని ఆయన అడిగాడు. "చేస్తుందని కొందరంటారు. నేనైతే వినలేదు" అన్నాడు మెకానిక్.

వినలేదు. ఆ మాట పొద్దుటి నుంచీ పంటి కింద రాయిలా ఉంది. ఆఫీసులో ఆయన్ని చెవి అంటారు, ముఖం మీద కాదు, వెనకాల. "చెవి వస్తున్నాడు, గ్రీజు పెట్టారా?" అని మెషీన్ రూముల్లో కుర్రవాళ్ళు అనుకోవడం ఆయన మెట్ల మీదే విన్నాడు, అందుకే కదా చెవి. లిఫ్టు గోడకు చెవి ఆనించి నిలబడితే, ఎన్నో అంతస్తులో తలుపు రాస్తోందో, ఏ చక్రం అరిగిందో చెబుతాడు. ఉక్కు తాడు ఒక్కసారిగా తెగదు, దానిలో సన్నటి తీగలు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి, చెయ్యి పెట్టి నిమిరితే గుచ్చుకుంటాయి, గుచ్చుకోవడమంటే చెప్పడమే. ప్రతిదీ చెబుతుంది, వినేవాడు ఉండాలి గానీ, అని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు పాఠం చెప్పేవాడు. ఇంకో పాఠం కూడా చెప్పేవాడు, అది ఇంకా ముఖ్యమైనది. తనిఖీ అయ్యాక లిఫ్టులో మొదట ఎక్కేది తనిఖీ చేసినవాడు, ఒక్కడే. పాస్ చేశానని నోటితో చెప్పేవరకూ ఇంకో ప్రాణి దానిలో కాలు పెట్టకూడదు, భవనం యజమాని అయినా సరే, తొందరలో ఉన్న డాక్టరైనా సరే. ఒకసారి ఒక పెద్దాయన గద్దిస్తూ లోపలికి రాబోతే గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు, కింద కూర్చునే ఫిర్యాదు రాశాడా పెద్దమనిషి, ఏం చేస్తారు, ఆ ఒక్క విషయంలో ఎవరి మాటా వినలేదు. ఈ ఆకుపచ్చ రకం కారు మొదట పరిచయమైందీ అలాంటి రోజునే. అప్పుడు కుర్రవాడు, లిఫ్టు గోతిలోకి దిగి పైకి చూస్తూ కూర్చున్నాడు, గోడకు అవతలి వైపు కార్లు పెట్టుకునే చోటు, అక్కడ ఎవరో ఇంజిను స్టార్ట్ చేశారు. గొయ్యి మొత్తం ఒక్క స్వరం పలికింది, అడుగు నుంచి పై అంతస్తు దాకా, తాళ్ళు కూడా సన్నగా వణికాయి. పని వదిలేసి పైకొచ్చి చూశాడు. గుండ్రటి దీపాలు. ఆ తరవాత ఎన్ని ఇంజిన్లు విన్నా ఆ స్వరం మళ్ళీ వినలేదు, కొత్త తరంలో ఆ స్వరం లేదు, పాతదానిలా గాలితో కాక నీళ్ళతో చల్లబడే ఇంజిను కదా, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది.

టప్. పళ్ళెంలో ఇంకో బొట్టు. ఆ మధ్య పరీక్షలు చేసిన డాక్టరమ్మ చిన్నపిల్ల, కూతురి ఈడుది. కలంతో బొమ్మ గీసి చూపించింది. గుండెలోంచి పైకొచ్చే పెద్ద రక్తనాళం ఒకచోట సైకిలు ట్యూబు ఉబ్బినట్టు ఉబ్బిందట. "ఎక్కడా నొప్పి లేదమ్మా" అన్నాడు. "ఉండదు అంకుల్, పగిలేదాకా ఏమీ తెలీదు" అంది, ఆ పగలడమనే మాట అన్నాక కాస్త నొచ్చుకుంది కూడా. తరవాత అడిగింది, మీ నాన్నగారు ఎలా పోయారు అని. బూట్ల లేసు కట్టుకుంటూ పోయారు, అన్నాడు. రాస్తున్న చెయ్యి ఆగింది. ఒక బూటు లేసు ముడి పడి ఉంది, రెండోది పడలేదు, ఆ ముడిపడని లేసు గడప మీదుగా సాగి ఉండటం ఆయనకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది, తను అప్పుడు పిల్లవాడు, పక్క గదిలో బడి లెక్కలు చేసుకుంటున్నాడు, ఏమీ వినలేదు, వినడానికి ఏమీ లేదని అందరూ అన్నారు, గుండె ఆగిందన్నారు. ఇప్పుడీ పిల్ల బొమ్మ మీద ఆ ఉబ్బు చుట్టూ ఇంకో గీత గీస్తూ, బహుశా ఇదే అయి ఉంటుంది అంకుల్, తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది, అంటోంది. మరి దారులేమిటంటే రెండు. ఛాతీ తెరిచి, ఆ ముక్క కోసేసి, గొట్టం పెట్టి కుట్టడం. పెద్ద ఆపరేషను, ఆయనకున్న దెబ్బతిన్న కిడ్నీలతో ఇంకా పెద్దది, బల్ల మీది నుంచి లేవకపోవచ్చు, లేచినా అందరూ మునుపటి మనిషిగా లేవరు, కొందరికి చాలా కాలం ఎవరో ఒకరు పక్కనే ఉండి చూసుకోవాలి. లేదంటే మాత్రలు వేసుకుంటూ ఊరుకోవడం. ఊరుకుంటే ఏళ్ళూ గడవచ్చు, రేపే కావచ్చు. బరువులు ఎత్తకండి. కారు నడపకండి, మీ కోసం కాదు, పక్కన కూర్చునేవాళ్ళ కోసం. అన్నింటికీ బుద్ధిమంతుడిలా తలాడించి, కిందికొచ్చి, కారు నడుపుకుంటూనే ఇంటికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే భార్యను ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం ముందు దింపి, ఎప్పటిలాగే "చెయ్యి తలుపులో పెట్టకు, జాగ్రత్త" అన్నాడు.

ఆపరేషను తేదీ ఇస్తామని ఆసుపత్రి నుంచి ఫోను వస్తే తరవాత చేస్తానన్నాడు. ఆ తరవాత కార్లు చూడటం మొదలుపెట్టాడు. దీన్ని పిచ్చి అంటే పిచ్చే. కానీ లోపల ఇంకో లెక్క నడుస్తోంది, అదేమిటో ఇవాళ ఈ సీట్లో కూరుకుపోయి కూర్చున్నాక గానీ ముఖాముఖి చూడలేదు. లెక్క అమ్మది. అమ్మ నాన్నలా పోలేదు. వెనక గదిలో మంచం మీద ఏళ్ళ తరబడి, చెప్పి చెప్పి, రోజూ చెప్పి పోయింది. చెయ్యి ఒక్కటే పనిచేసేది, స్టీలు గ్లాసును చెంచాతో కొట్టేది. టింగ్ అంటే నీళ్ళు, టింగ్ టింగ్ అంటే పక్క తడిసింది, అలా ఏదో భాష ఏర్పడింది, ఆ భాష మొత్తం నేర్చుకున్నది భార్య. పళ్ళెం పెట్టేది, పళ్ళెం తీసేది, నడుం పట్టుకుని లేచేది. దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే వెనక గదిలోకి వెళ్ళేది. ఒక్క మాట విసుక్కోలేదు, విసుక్కోనందుకే ఆమె ముఖంలోంచి ఏదో తగ్గిపోయింది, చిన్నప్పటి నవ్వు ఒకటి ఉండేది, అది వెళ్ళిపోయింది. ఆయన ఏం చేశాడు, వారానికోసారి మంచం చక్రాలకు నూనె వేశాడు. ఆఖరి రోజున ఇద్దరూ భోంచేస్తున్నారు. టింగ్ అంది. టింగ్ టింగ్. "మామూలేలెండి, తినండి, నేను చూస్తా" అంది భార్య, మజ్జిగ పోసుకుంటూ. చెవి అని పేరు పడ్డ మనిషి చెవిలో ఆ చప్పుడు మామూలుగానే పడింది, తేడా ఏమీ వినపడలేదు, తేడా ఉందేమో ఇప్పటికీ తెలియదు. భోజనం ముగించి వెళ్ళేసరికి చెంచా నేల మీద ఉంది. ఉక్కు తాడు చెబుతుంది సరే. రోజూ చెప్పేదాన్ని రోజూ వినలేరు మనుషులు. ఆకుపచ్చ కారు కొన్నవాళ్ళందరూ ఇలాగే అని ఉంటారు, అది మామూలే, అది అలాగే కారుతుంది, అని, ఒకరోజు దారి మధ్యలో ఆగిపోయేదాకా. అలాంటప్పుడు నమ్మకమైనది ఏది? చెప్పేదా, చెప్పనిదా?

జేబులో ఫోను మోగింది. భార్య. దుకాణం ఇవాళ తొందరగా మూసేశారట, అటే వస్తోందట, ఆ పిచ్చేమిటో తనూ కళ్ళారా చూస్తుందట. వెనక బస్సు చప్పుడు వినిపిస్తోంది. "ఇంతకీ తేలిందా ఏదో?" అంది. ఆయనకు ఎందుకో చెప్పాలనిపించింది, కారు గురించే. ఒకటి ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తుంటుంది, కింద పళ్ళెం పెట్టుకోవాలి, కానీ చెప్పి ఆగుతుంది. రెండోది హాయిగా నడుస్తుంది, ఒకరోజు చెప్పకుండా పోతుంది, అంతే. "నువ్వయితే ఏది తీసుకుంటావు?" అని అడిగాడు. అడిగాక ఊపిరి బిగపట్టాడు, అలా బిగపట్టకూడదని కూడా చెప్పారు. ఆమె నవ్వింది. "దాని సేవలు మీరు చేస్తారా ఏమిటి, నా నెత్తినే పడతాయి. రోజూ పళ్ళెం పెట్టి పళ్ళెం తియ్యడం ఇక నా వల్ల కాదండీ. ఆ చాకిరీ ఒకసారి చేశాను, చాలు. నడిచినన్నాళ్ళు నడిచి, పోయేటప్పుడు ఒక్కసారే పోయేది తెచ్చుకోండి. ఎవరికీ బాధ లేదు." బస్సు దిగుతున్నాను, ఉంటాను అని పెట్టేసింది.

ఫోను మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. తేలిపోయింది కదా అనుకున్నాడు, ఇంత సులువుగా తేలిపోతుందనుకోలేదు. ఆమె తప్పేమీ లేదు, ఆయన మనసులో ఉన్న మాటే ఆమె నోట వచ్చింది, తన లెక్కా అదే కదా. మళ్ళీ వెనక గది, మళ్ళీ గ్లాసు, మళ్ళీ ఆ నడుం, వద్దు. ఆసుపత్రికి ఫోను చెయ్యనక్కర్లేదు. బూడిదది తీసుకుందాం, నడిచినన్నాళ్ళు నడుద్దాం. కానీ ఒక్కటి వదల్లేదు. నా నెత్తినే పడతాయి అన్నప్పుడు ఆ నవ్వు, అది పాత నవ్వేనా, తిరిగి వచ్చిందా, వస్తే ఎప్పటి నుంచి వచ్చింది, తను ఎందుకు గమనించలేదు. భయం వేసింది. చచ్చిపోతానన్న భయం ఇన్నాళ్ళూ దగ్గరికి రానివ్వలేదు, కార్లు, గేర్లు, బేరింగులు అడ్డం పెట్టుకున్నాడు, ఇప్పుడు అది వచ్చి పక్కనే కూర్చుంది. అటు మెకానిక్ బూడిద కారు నూనె వడపోసే డబ్బాను కోసి, లోపలి కాగితాన్ని విప్పి, మడత మడతలోనూ అయస్కాంతం ఆడిస్తున్నాడు. ఇనుప రజను అంటుకుంటే బేరింగు అరుగుతున్నట్టు. చాలాసేపు చూసి, అయస్కాంతాన్ని వెలుగులోకి ఎత్తి, "ఏమీ లేదు సార్" అన్నాడు. మంచిదేగా అన్నాడాయన. "మంచిదే. ఇవాళ్టికి ఏమీ లేదు. అంతకన్నా చెప్పమంటే చెప్పలేను."

కొత్త డబ్బా బిగించాక కార్లు కిందికి దిగాయి. పక్కకు ఒరిగి, అరచెయ్యి ఆనించి, ఎలాగో లేచాడు. మెకానిక్ ఆకుపచ్చదాన్ని స్టార్ట్ చేశాడు. దగ్గింది, మళ్ళీ దగ్గింది, తరవాత రేకుల కప్పు కింద ఆ స్వరం పలికింది, నేల నుంచి పైదాకా, అదే, ఏమీ మారలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని ఆపెయ్యమని సైగ చేసి, బూడిదది చూస్తానన్నాడు. అప్పుడే ఆమె గేటులోంచి వచ్చింది, భుజాన సంచీ, తల మీదికి తోసుకున్న కళ్ళజోడు, రెండు కార్లనూ చూసి పెదవి విరిచి, "ఏది? ఈ బూడిద రంగుదా? బాగుంది, బుద్ధిగా ఉంది" అంది. మెకానిక్ తాళం ఇచ్చాడు, అలా మలుపు దాకా తిప్పుకు రమ్మన్నాడు. ఆయన సీట్లోకి జారాడు, అదే లోతు. అటువైపు తలుపు తెరుచుకుంది. ఆమె చీర కుచ్చిళ్ళు దగ్గరకు పట్టుకుని, "అమ్మో, బావిలోకి దిగినట్టుందండీ" అంటూ కూర్చుంది. తలుపు వేసింది. బెల్టు లాగి పెట్టుకుంది. టిక్ మంది.

ఆ టిక్ చెవిలో పడింది. తాళం మీద ఉన్న వేళ్ళు తిరగలేదు. లోపల ఒక మనిషి ఎక్కి తలుపు వేసుకుంటే వచ్చే చప్పుడు అది, ముప్పై ఏళ్ళలో ఏ రోజూ తను పాస్ చెయ్యని దానిలో వినని చప్పుడు. మీ కోసం కాదు, పక్కన కూర్చునేవాళ్ళ కోసం, అంది ఆ డాక్టరు పిల్ల. అన్నీ వినే చెవి ఆ ఒక్క మాటనూ బయటే వదిలేసి వచ్చింది. రోజూ పొద్దున ఈ టిక్ వింటూనే ఉన్నాడు, వాళ్ళ పాత కారులో, దుకాణం దాకా. మామూలే అనుకున్నాడు.

"దిగు" అన్నాడు.

"ఏమైంది?"

"ఇది ఇంకా పాస్ కాలేదు."

"కారా? ఆయన చూసే తాళం ఇచ్చాడుగా."

"కారు కాదు. నేను."

చెప్పాడు. డాక్టరు బొమ్మ, సైకిలు ట్యూబు, నాన్న లేసు, రెండు దారులు, ఆసుపత్రికి తరవాత చేస్తానని చెయ్యకపోవడం. తనిఖీ చేసినవి చదివి వినిపించే గొంతుతోనే చెప్పాడు, ఇంకో గొంతు రాలేదు. ఆమె ముందున్న అద్దంలోంచి గోడనే చూస్తూ వింది. బెల్టు తియ్యలేదు. పక్కన ఆకుపచ్చ కారు కింద మెకానిక్ మళ్ళీ పళ్ళెం పెడుతున్న చప్పుడు.

"ఎప్పుడు చెప్పింది డాక్టరు?"

"వానలు మొదలైనప్పుడు."

వానలు వెళ్ళిపోయి చాలా రోజులైంది. ఆమె పెదవులు కదిలాయి, ఏవో రోజులు తలుచుకుంటోంది. "అయితే ఇన్నాళ్ళూ రోజూ నన్ను..." అని ఆగింది. తరవాత గొంతు మారింది. "అమ్మాయినీ దాని పాపనీ స్టేషను నుంచి తీసుకొచ్చారు మీరు. పాప ముందు సీట్లో నా ఒళ్ళో ఉంది."

ఆయనకు గుర్తుంది. పాప దారి పొడుగునా హారను కొట్టమని పేచీ పెట్టింది, కొట్టాడు, నవ్వింది. గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడాల్సిన మనిషి, తనే అందర్నీ ఎక్కించుకుని తిప్పాడు.

ఆమె బెల్టు విప్పింది. దిగింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాడు, వెళ్ళిపోవలసిందే, కానీ కారు ముందు నుంచి చుట్టి వచ్చి ఇటువైపు తలుపు తెరిచింది. వంగి, తాళం లాగి పిడికిట్లో పెట్టుకుంది. కోపంతో ముఖం ఎర్రగా ఉంది, అమ్మ మంచాన ఉన్న అన్ని ఏళ్ళలో ఒక్కరోజు కూడా చూడని కోపం.

"ఫోన్లో నేనన్నది కారు గురించి" అంది.

"తెలుసు."

"మీకేం తెలీదు" అంది. "నడవండి, ఆసుపత్రికి. బస్సులో వెళ్దాం" అని చెయ్యి చాపింది.

పట్టుకున్నాడు. ఆమె రెండో చేత్తో ఆయన నడుం పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, అలవాటైన మనిషిలా బరువు తన మీదికి తీసుకుని లాగింది. అంత లోతు సీట్లోంచి లేవడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది.